గ్లాసు అడుగంచున అనంతం

భద్రాచలం కరకట్ట పక్కన ఒక కొట్లో గాజు గ్లాసులోనే టీ పోస్తారు. వడపోత జారిన రోజున గ్లాసు అడుగున నాలుగు పొడి నలుసులు మిగులుతాయి. చెంచాతో గిర్రున తిప్పి వదిలేస్తే ఆ నలుసులు ఎటు పోవాలి? జొన్నచేను మంచె మీద వడిసెల తిప్పిన ఎవరినడిగినా అంచుకే పోతాయంటారు. తిరిగేది బయటికి తన్నుకుపోవడం చేతికి తెలిసిన సంగతి. నలుసులు మాత్రం నెమ్మదిగా గ్లాసు నడిమికి జరిగి అక్కడ కుప్పపడతాయి. నేను మూడోసారి తిప్పి చూస్తుంటే కొట్టు ఆవిడ, "ఏంది సారూ, చక్కెర సాల్లేదా?" అంది. చాలిందమ్మా అని తాగేశాను.

ఈ నలుసుల ముచ్చటకు జవాబు రాసినవాడు ఐన్‌స్టీన్, 1926లో. తిరిగే టీ అంచువైపు ఒత్తుకుంటుంది కాబట్టి అక్కడ ఒత్తిడి ఎక్కువ, నడుమ తక్కువ. పైనున్న టీ వేగంగా తిరుగుతూ ఆ ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. అడుగునున్న టీ గాజుకు రాసుకుని మందగిస్తుంది, నిలవలేదు. దాన్ని ఒత్తిడి నడిమికి తోసేస్తుంది. ఆ ఖాళీ నింపడానికి గోడ వెంబడి పై టీ కిందికి దిగుతుంది. అంటే గ్లాసులో రెండు ప్రయాణాలు ఒకేసారి నడుస్తున్నాయి. ఒకటి మన కంటికి కనబడే గుండ్రని తిరుగుడు. రెండోది గుట్టుగా సాగేది: గోడ వెంట కిందికి, అడుగున లోపలికి, నడుమ నుంచి పైకి. నలుసులు బరువు కనుక నడుమ దాకా వచ్చి పైకి లేవలేక ఆగిపోతాయి.

ఐన్‌స్టీన్ ఆ వ్యాసం రాసింది టీ కోసం కాదు, నదులు ఎందుకు వంకర్లు పోతాయో చెప్పడానికి. మలుపులో నది కూడా కాసేపు తిరుగుతున్న గ్లాసే. బయటి గట్టు కోసుకుపోతుంది, అడుగు నీరు ఆ మట్టినీ ఇసుకనూ లోపలి గట్టుకు చేరుస్తుంది. ఏ ఏటి వంపులోనైనా ఇసుకమేట లోపలివైపే వేస్తుంది.

భద్రాచలం దిగువన కూనవరం దగ్గర శబరి కలిశాక గోదావరి అడవి కొండల్లోకి దూరుతుంది. పాపికొండల దగ్గర కొండలు రెండువైపులా నొక్కేస్తే అంత నదీ ఇరుకు సందులో లోతుగా, వడిగా పోవాలి. కొండ మొన తగిలినచోట నీరు రెండుగా చీలి, వెనక సుడి వేస్తుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిపోయింది అలాంటి చోటే. 200 అడుగులు దాటిన లోతు నుంచి ఆ పడవను కాకినాడ ధర్మాడి సత్యం బృందం లంగర్లతో, ఇనుప తాళ్ళతో గాలించి పైకి లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది. ఆ సంగతి తెలిసినవాళ్ళకు సుడి అనే మాట సరదాగా వినబడదు.

ఇప్పుడు ఒక పసిపిల్లల ప్రశ్న. సుడి ఎంత సన్నబడగలదు, ఎంత వడిగా తిరగగలదు? దానికి హద్దు ఉందా?

నిజం నీటికి హద్దు ఉంది. దాని పేరు జిగట. పాఠ్యపుస్తకం స్నిగ్ధత అంటుంది. తేనెకు ఎక్కువ, నీటికి తక్కువ, కానీ నీటికి సున్నా కాదు. పక్కపక్కన పోయే రెండు నీటిపొరల్లో ఒకటి వడిగా, ఒకటి మెల్లగా పోతుంటే జిగట వాటిని ఒకదానితో ఒకటి సర్దుకునేలా చేస్తుంది. తేడా పదును పోగొడుతుంది. వరద గోదావరి లోతు 20 మీటర్లు, వడి సెకనుకు 3 మీటర్లు అనుకుంటే ఉరవడికీ జిగటకూ ఉన్న నిష్పత్తి, అంటే రేనాల్డ్స్ సంఖ్య, 6 కోట్లు వస్తుంది. అంత బలహీనమైన జిగట కూడా చివరికి గెలుస్తుంది. పెద్ద సుడి చిన్న సుడులుగా విరిగి, అవి ఇంకా చిన్నవిగా విరిగి, మిల్లీమీటరులో కొద్ది పాలు ఉన్న సుడుల దగ్గర ఆట ముగుస్తుంది. అంతకన్నా సన్నటి సుడిని జిగట బతకనివ్వదు, దాని కదలికను వేడిగా మార్చేస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర మట్టం 75.6 అడుగులకు ఎక్కినప్పుడూ ఇదే లెక్క నడిచింది.

అయితే గణితవేత్తల దగ్గర ఇంకో నీరు ఉంది. 1755లో ఆయిలర్ బెర్లిన్ అకాడమీకి సమర్పించి, 1757లో అచ్చయిన సమీకరణాల్లోని నీరు అది. దానికి జిగట లేదు. నొక్కినా కుంచించుకుపోదు. ఒరుసుకోదు, అలసిపోదు, వేడెక్కదు. అలాంటి నీటిని వాన్ నాయ్‌మన్ 'పొడి నీరు' అని వెక్కిరించేవాడని ఫైన్‌మన్ తన భౌతికశాస్త్ర పాఠాల్లో చెప్పాడు. పొడి నీటిలో సుడిని ఆపేవాడు లేడు. అయితే ఆపేవాడు లేనంత మాత్రాన అది హద్దు దాటుతుందా? నున్నగా, ఒద్దికగా మొదలైన ప్రవాహం కొంతసేపటికి, గడియారం చూసి చెప్పగలిగిన ఒక క్షణాన, తనంతట తాను చిట్లిపోతుందా? అలా చిట్లడాన్నే సింగ్యులారిటీ అంటారు. ఆయిలర్ కలం పెట్టాక 250 ఏళ్ళు దాటినా ఎవరూ అవుననీ కాదనీ తేల్చలేకపోయారు.

చిట్లడం అంటే వేగం అనంతమైపోవడం అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. శ్రీరామనవమి రోజున భద్రాచలం వంతెన మీద వరసగా పోయే బస్సుల్ని తలుచుకోండి. ముందున్నవి నత్తనడక, వెనకవి జోరు. ఏ బస్సూ తన వేగం మార్చుకోకపోతే వెనకది ముందుదాన్ని అందుకుంటుంది. అందుకునే క్షణంలో కూడా ఏ బస్సు వేగమూ పెరగలేదు. మారిందేమిటంటే, వంద మీటర్ల ఎడంలో ఉన్న వేగాల తేడా ఇప్పుడు ఎడం లేకుండా ఒకేచోట ఉంది. తేడాను ఎడంతో భాగిస్తే వచ్చే సంఖ్య అనంతమైంది. బర్గర్స్ సమీకరణం అనే చిన్న నమూనాలో సరిగ్గా ఇదే జరుగుతుంది, ఎప్పుడు జరుగుతుందో కాగితం మీద రెండు నిమిషాల్లో లెక్కవేయవచ్చు.

నీళ్ళు బస్సులంత అమాయకమైనవి కావు. వెనకనుంచి నీరు ముంచుకొస్తుంటే ముందు నీరు పక్కకు తప్పుకుంటుంది. తప్పుకోకపోతే దారి లేదు, కుంచించుకోవడం దానికి రాదు కదా. ఈ తప్పుకోవడమే ప్రతిసారీ ప్రమాదాన్ని తప్పిస్తూ వచ్చింది. పల్చటి పొరలాంటి రెండు కొలతల ప్రవాహంలో చిట్లడం ఎన్నటికీ జరగదని 1933లోనే వోలిబ్నర్ రుజువు చేశాడు. మూడో కొలత ఉంటే సుడి తాడులా సాగుతుంది, సాగితే సన్నబడుతుంది, సన్నబడితే వడి పెరుగుతుంది. ప్రమాదం అక్కడుంది. ఒక ఇరుసు చుట్టూ అన్ని పక్కలా ఒకేలా ఉండి, ఆ ఇరుసు చుట్టూ తిరుగుడు మాత్రం లేని నున్నటి ప్రవాహమూ చిట్లదని 1968 నాటికి తేలింది. కనుక వేటగాళ్ళకు ఒక జాడ దొరికింది: తిరుగుడు కావాలి. 1984లో బీల్, కాటో, మజ్డా ఇంకో జాడ చూపించారు. ప్రవాహం చిట్లాలంటే సుడితనం, అంటే ప్రతి చుక్కా తన చుట్టూ తాను తిరిగే జోరు, హద్దు లేకుండా పెరిగి తీరాలి. మిగతావన్నీ వదిలేసి ఆ ఒక్కదాన్నీ కనిపెట్టుకుని ఉంటే చాలు.

ఆ తర్వాతి కథ సగం కంప్యూటర్లది, సగం పరువు పోగొట్టుకోవడానిది. 1993లో కెర్ అనే శాస్త్రవేత్త ఎదురెదురుగా పోయే రెండు సుడిగొట్టాలతో చిట్లే ప్రవాహం దొరికిందేమోనన్నాడు. 2006లో కాల్‌టెక్ ఆచార్యుడు టామస్ హౌ, రువో లీతో కలిసి అదే ప్రవాహాన్ని ఇంకా చిన్న గడులుగా విడగొట్టి లెక్కవేశాడు. చిట్లలేదు. సుడులు పట్టీల్లా చదునై, వాటి జోరు చల్లారిపోయింది. ఇంకొకరి అనుమానాన్ని ఇలా కొట్టేసిన మనిషే ఏడెనిమిదేళ్ళకు తన అనుమానం తాను తెచ్చాడు. అందుకే లోకం చెవి ఒగ్గింది.

గువో లువో, హౌ 2014లో అచ్చువేసిన ఆ ప్రవాహం మన టీ గ్లాసుకు అన్న వరస. నిలువు గొట్టం, నిండా పొడి నీరు. పై సగం ఒకవైపు తిరుగుతోంది, కింది సగం రెండోవైపు. సరిగ్గా మధ్య గీత దగ్గర తిరుగుడు సున్నా. రెండు గ్లాసుల్ని అడుగూ అడుగూ ఆనించి నిలబెట్టి అడుగుల్ని తీసేసినట్టు. ఏ వైపు తిరిగినా బయటికి తన్నే గుణం ఒక్కటే కనుక గీతకు దూరంగా గోడమీద ఒత్తిడి ఎక్కువ, గీత దగ్గర తక్కువ. టీలో అడుగు పొర గాజుకు రాసుకుని మందగించింది. ఇక్కడ రాపిడి లేదు, అమరికే మందగింపు. కానీ ఫలితం అదే. గోడ వెంబడి పైనుంచీ కిందినుంచీ నీరు గీతవైపు పరుగెత్తి, ఎదురెదురు పడి, లోపలికి మళ్ళుతుంది.

అసలు కిటుకు తర్వాత ఉంది. గీతవైపు వచ్చే నీరు ఉత్త చేతులతో రాదు, తన తిరుగుడును మూట కట్టుకుని వస్తుంది. పొడి నీటిలో ఏ చుక్కా తన తిరుగుడు వాటాను పోగొట్టుకోదు, పెంచుకోదు. కాబట్టి గీతకు వెంట్రుకవాసి పైన ఒకవైపు జోరు, వెంట్రుకవాసి కింద రెండోవైపు జోరు. వంతెన మీది బస్సుల్లాగే, ఎవరి వేగమూ పెరగలేదు, ఎడం తరిగింది. ఎడం తరిగేకొద్దీ ఒత్తిడి తేడా పదునెక్కుతుంది, పదునెక్కేకొద్దీ గోడ వెంట తోపు పెరుగుతుంది, తోపు పెరిగేకొద్దీ ఎడం ఇంకా తరుగుతుంది. తప్పుకునే నీరు ఎందుకు తప్పించలేదంటారా? గోడ ఉంది కాబట్టి. ఒకవైపు దారి మూసేసి ఉంది. గీత గోడను తాకే ఆ వలయం దగ్గర, అంటే గ్లాసు అడుగంచున, నీటికి తప్పుకునే తెలివి సరిపోలేదు.

వాళ్ళ లెక్కలో సుడితనం 30 కోట్ల రెట్లు పెరిగింది. వాళ్ళు పెట్టుకున్న కాలమానంలో చిట్లే క్షణం 0.0035056 దగ్గర ఉంటుందని తేల్చారు. గడుల్ని ఆ మూలకు గుంపుగా జరుపుతూ పోతే అక్కడి సన్నదనం, గొట్టమంతా ఒక్కో దిశలో 3 లక్షల కోట్ల గడులు వేసినదానికి సమానమైంది. తర్వాత 2020లో డ్వైట్ బార్క్‌లీ అనే శాస్త్రవేత్త ఈ ప్రవాహాన్ని ఒత్తిడి లెక్కల్లో విడమర్చి చూపుతూ దీన్ని టీకప్పు సింగ్యులారిటీ అన్నాడు. పేరు అతికింది.

ఎంత సన్నగా చూసినా కంప్యూటర్ లెక్క రుజువు కాదు. ఈ మాట ఎంత నిజమో మన దేశంలోనే ఒక పని చక్కగా చూపించింది. 2022లో ఫిజికల్ రివ్యూ ఇ పత్రికలో సాయి స్వేత వెంకట కొల్లూరు, పునీత్ శర్మ, బెంగళూరు ఐఐఎస్‌సీ ఆచార్యుడు రాహుల్ పండిత్ ఇదే లువో-హౌ ప్రవాహాన్ని మరో పద్ధతిలో లెక్కవేసి చూశారు. మొదటి పేరులోని ఇంటిపేరు తెలుగు చెవికి కొత్త కాదు. వాళ్ళ పద్ధతికి పునాది గడులు కాదు, అలలు. ప్రవాహాన్ని చిన్నా పెద్దా అలల మొత్తంగా రాసుకుంటారు, ఒక హద్దు కన్నా సన్నటి అలల్ని కోసేస్తారు. ఆ కోత ఊరుకోదు. చిట్లే క్షణం ఇంకా రాకముందే, చిట్లేచోటికి దూరంగా, నున్నటి నీటిలో బుడిపెల్లా వణుకు లేస్తుంది. ఆ వణుకు నీటిది కాదు, లెక్కది.

2011లో సమ్రిద్ధి శంకర్ రే, ఊరియెల్ ఫ్రిష్, నజరెంకో, మాట్సుమోటో ఇలాంటి బుడిపెల్ని బర్గర్స్ సమీకరణంలో పట్టుకుని వాటికి 'టైగర్' అని పేరు పెట్టారు. ఇంగ్లీషు కవి బ్లేక్ తన పద్యానికి పెట్టిన పాత స్పెల్లింగుతోనే రాస్తారు. అడవి అంచు ఊళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ పేరు ఎందుకు పెట్టారో వివరించనక్కర్లేదు. చప్పుడు ఒకచోట వినిపిస్తుంది, అది ఇంకోచోట లేస్తుంది. లువో-హౌ ప్రవాహాన్ని అలల్ని కోసే పద్ధతిలో లెక్కవేస్తే చిట్లే క్షణానికి ముందు ఈ పులులు లేచితీరతాయని కొల్లూరు బృందం చూపించింది.

చూపించి ఊరుకోలేదు. పులులు లేవకముందే దొరికిన మంచి లెక్కతో చిట్లే క్షణాన్ని అంచనా కట్టే దారీ వేశారు. దాని వెనకున్న ఆలోచన నాకు చాలా ఇష్టం. చిట్లు అనేది చివరి క్షణంలో ఆకాశం నుంచి ఊడిపడదు. మొదటినుంచీ ఎక్కడో ఉంటుంది, మన మామూలు సంఖ్యల గీతమీద కాదు, దాని పక్కనున్న సంకీర్ణ సంఖ్యల మైదానంలో. కాలం గడిచేకొద్దీ గీతవైపు నడిచివస్తుంది. సన్నటి అలలు ఎంత త్వరగా చిన్నబోతున్నాయో చూస్తే అది ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. గోదావరి వరదకు పేరూరు దగ్గర మట్టం చూసి, భద్రాచలంలో 43 అడుగుల మొదటి హెచ్చరిక ఎప్పుడు జారీ చేయాలో లెక్కలు కట్టినట్టే. నీరు కళ్ళముందుకు రాకముందే దాని రాక తెలుస్తుంది.

రుజువు రెండు దారుల్లో వచ్చింది. 2019లో తారెక్ ఎల్గిందీ అనే గణితవేత్త గోడ లేకుండా, తిరుగుడు కూడా లేకుండా చిట్లే ప్రవాహాన్ని కట్టి చూపించాడు. 2021లో అది ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్ పత్రికలో అచ్చయింది. మరి తిరుగుడు లేనిది చిట్లదని 1968లో తేలింది కదా? అక్కడే ఉంది మెలిక. ఎల్గిందీ నీరు మొదట్లోనే పూర్తి నున్నగా లేదు. కంటికి నున్నగానే ఉంటుంది, గణితం చెయ్యిపెట్టి తడిమితే ఇరుసు దగ్గర సన్నటి గరుకు తగులుతుంది. మహా గొప్ప పని, అందులో సందేహం లేదు. అయినా సమస్యను మొదట అడిగినవాళ్ళ మనసులో ఉన్నది నున్నటి నీరు.

ఆ నున్నటి నీటికి జవాబు 2022 అక్టోబరులో వచ్చింది. హౌ, అతని పూర్వ విద్యార్థి జియాజీ చెన్ కలిసి గోడ ఉన్న గొట్టంలో లువో-హౌ ప్రవాహం నిజంగానే చిట్లుతుందని రుజువు చేశారు. మొదటి భాగమే 170 పేజీలు దాటింది, లెక్కల భాగం మరుసటి ఏడాది వచ్చింది. చిట్లబోయే మూల ఫొటో ఒకటి తీసి, కాసేపాగి ఇంకొకటి తీసి భూతద్దంతో పెంచి చూస్తే రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. అంటే ఆకారం ఒక్కటే, కొలత కుంచించుకుపోతూ ఉంటుంది. ఆ ఆకారానికి చాలా దగ్గరైన నకలును ముందు కంప్యూటర్‌తో తయారుచేశారు. తర్వాత, నకలుకు కొద్ది దూరంలో మొదలైన అసలు నీరు ఎప్పటికీ ఆ కొద్ది దూరం దాటిపోదని చూపించారు. ఇందులో కంప్యూటర్ ఇచ్చే ఏ సంఖ్యనూ ఒంటరిగా నమ్మలేదు. ప్రతి సంఖ్యకూ కిందొక గట్టు, పైనొక గట్టు కట్టి, అసలు విలువ ఆ రెండింటి మధ్యే ఉందన్న హామీతో ప్రతి మెట్టూ నడిపించారు. వరద స్కేలు చూసి 43 అనకుండా 42.9కీ 43.1కీ నడుమ అని రాసుకున్నట్టు. చాదస్తంగా కనిపించే ఈ జాగ్రత్తే రుజువును మామూలు లెక్క నుంచి వేరు చేసింది.

అదే ఏడాది యోంగ్జీ వాంగ్, చింగ్-యావ్ లై, గోమెస్-సెరానో, బక్‌మాస్టర్ న్యూరల్ నెట్‌వర్క్‌కు సమీకరణాలు నేర్పి ఆ కుంచించుకుపోయే ఆకారాన్ని మరో దారిలో పట్టుకున్నారు. 2025లో కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్‌తో కలిసి కొన్ని దగ్గరి చుట్టాల్లాంటి సమీకరణాల్లో నిలకడలేని సింగ్యులారిటీలను కూడా వెతికిపట్టారు. నిలకడలేనివి అంటే చీపురుపుల్లను వేలి కొసన నిలబెట్టినట్టు, ఆవగింజంత పక్కకు జరిగితే మాయమయ్యేవి. యంత్రం వేటకుక్క పని బాగానే చేస్తోంది. వేట ఇంకా మనుషులదే అని నా అభిప్రాయం.

అయితే నీటి సమీకరణాలు కూలిపోయాయా? కూలలేదు. పొడి నీటి సమీకరణం తన హద్దు తానే చూపించింది, అంతే. క్లే గణిత సంస్థ 2000 సంవత్సరంలో ప్రకటించిన పది లక్షల డాలర్ల బహుమతి జిగట ఉన్న నీటికి, అంటే నావియర్-స్టోక్స్ సమీకరణానికి. గోడ కూడా లేకుండా చూపాలని దాని షరతు. ఆ డబ్బు ఇంకా అలాగే ఉంది. పొడి నీటిలోనైనా గోడ తీసేసి, మొదలు పూర్తి నున్నగా ఉంచితే ఏమవుతుందో తేలలేదు. గ్లాసు లేకుండా టీ తిప్పమనడం లాంటిది అది.

హౌ ఆ పనికీ పూనుకున్నాడు. అడుగంచును వదిలేసి, మధ్య గీత ఇరుసును కలిసే బిందువు దగ్గర, గోడకు బాగా ఎడంగా, జిగటతోనూ జిగట లేకుండానూ చిట్లే సూచనలున్న కొత్త ప్రవాహాల్ని లెక్కవేస్తున్నాడు. టీ గ్లాసులో ఆ బిందువు ఎక్కడుంటుందో చూపించాలంటే చెంచాతో ఒక్కసారి తిప్పి వదిలేస్తే చాలు. పొడి నలుసులు వెళ్ళి అక్కడే కూర్చుంటాయి.